తీసేసిన చప్పుడు

జూన్ 3

ఒరేయ్ బావమరిదీ,

నిన్న నీ ఫోను మూడుసార్లు మోగిందట. నాకు వినబడలేదు, అమ్మాయి తెచ్చి చూపించింది. ఎత్తి మాత్రం ఏం లాభం? నువ్వు అటునుంచి ఏం కూసినా నాకు ఇటు గరగరే. ఇకమీదట ఏదైనా ఉత్తరమే. నీ దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుందని తెలుసు. గరగర కన్నా అదే నయం.

అసలు సంగతికి వస్తాను. ఇరవై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో అచ్చు యంత్రం పక్కన నిలబడ్డందుకు నా కుడి చెవి ఎప్పుడో సెలవు తీసుకుంది. ఇప్పుడు ఎడమది కూడా బయల్దేరిందని డాక్టరు తేల్చాడు. "ఎన్నాళ్ళండీ?" అని అడిగితే గట్టిగా చెప్పడానికి మొహమాటపడి, చీటీ మీద "మూడు నాలుగు నెలలు" అని రాసి నా వైపు తిప్పాడు. దాని కింద సంతకం కూడా పెట్టాడు, అలవాటు కొద్దీ.

అమ్మాయి ఎడమ చెవికి ఒక చిన్న మిషను కొనిచ్చింది. ఫోనులో ఉన్న పాట తీగ లేకుండా నేరుగా చెవిలోకే వస్తుంది. నాకు పాటలు వద్దు. మీ అక్క టేపు ఒక్కటి అందులోకి ఎక్కించి పెట్టు.

ఏ టేపో నీకు చెప్పక్కర్లేదు. నేను ఆ కొత్త ప్రెస్సులో చేరి పై ఊళ్ళో ఉన్న ఆరు నెలలూ మీ అక్క నీ టేపురికార్డరులో మాట్లాడి పంపేది. రాయడమంటే ఆమెకు చెయ్యి వణికేది. విని అదే టేపు తిప్పి పంపేవాణ్ణి, దాని మీదే మళ్ళీ మాట్లాడేది. అందుకే ఆఖరిదొక్కటే మిగిలింది. చివర ఏమంటుందో గుర్తుందా? "నేను బాగున్నాను. కడుపులోనిదీ బాగుంది. మీరు పని వదులుకొని రాకండి" అంటుంది. అని నవ్వుతుంది. అప్పటికి బిడ్డ పోయి తొమ్మిది రోజులు. ఆ మాట రెండు నెలలు గడిచి ఇంటికొచ్చాక గాని నాకు తెలియలేదు. ఆరు నెలలు ఒక్క సెలవూ పెట్టకపోతేనే ఉద్యోగం ఖాయమవుతుందని దాచిందట.

దాచినందుకు నాకు కోపం లేదు. ఆ నవ్వు ఎలా నవ్విందో అర్థం కాలేదు. తర్వాత ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం, అమ్మాయిని పెంచాం, ఒక్కనాడూ అడగలేకపోయాను. ఆమె పోయి మూడేళ్ళు. అడగడానికి మనిషి లేదు, వినడానికి చెవీ ఉండబోవడం లేదు. ఆ నవ్వు ఇంకొక్కసారి వినాలి.

టేపు పార్సిలులో పంపుతున్నాను. నీ వేషాలు దీని మీద వద్దు. మీ అక్క గొంతుతో ప్రెస్సుకి ఫోను చేసి, ఇంట్లో పాము దూరిందని నన్ను మైలున్నర పరుగెత్తించిన మనిషివి. అది నేను మర్చిపోలేదు.

— మీ బావ


జూన్ 19

చెవిలో మిషను పెట్టుకున్న బావకు, ఊరందరి చెవుల్లో పువ్వులు పెట్టే బావమరిది రాసుకునేది,

టేపు చేరింది. పాము సంగతి ఇన్నేళ్ళు మోస్తున్నావా? పాము కూడా మర్చిపోయి ఉంటుంది.

నా పని నీకు తెలుసు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా డిపో వెనక షెడ్డులో బస్సు సీట్లకు రెగ్జిను కుట్టడం, జనం దాన్ని బ్లేడుతో కోస్తే మళ్ళీ కుట్టడం. ఇంటికొస్తే నా సామ్రాజ్యం ముందుగదిలో ఉంటుంది. టేపులు పాడించే డెక్కులు రెండు, నేను చేత్తో అతికిన యాంప్లిఫయరు ఒకటి, నా నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండు. పెట్టెలకి బస్సు రెగ్జినే తొడిగాను, ముదురాకుపచ్చది.

"మనుషులు కూర్చోడానికి చోటు లేదు, ఈ డబ్బాలకి మాత్రం సింహాసనాలు!" అంది మీ చెల్లెలు మొన్న.

"డబ్బాలు ఎదురు మాట్లాడవే" అన్నాను.

"మాట్లాడతాయనేగా కొన్నావు!" అంది.

నేను ఎనిమిదితో ఆపాను, ఆవిడ పది చదివింది. ఆ రెండు క్లాసుల తేడా ఇలా అప్పుడప్పుడూ తగులుతుంటుంది.

నీ టేపు కథ విను. డెక్కులో పెట్టి మీట నొక్కితే చక్రం కదల్లేదు. విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టు కరిగి తారు అయిపోయింది. గీకిన వేళ్ళు మూడు రోజులు నల్లగానే ఉన్నాయి, ఓటేసొచ్చావా అని షెడ్డులో అందరూ ఒకటే అడగడం. మీ చెల్లెలి కుట్టుడబ్బాలోంచి ఎలాస్టిక్కు కత్తిరించి బిగిస్తే అక్క తూలుతూ మాట్లాడింది. వెంటనే ఆపేశాను, బావా. అక్కను అలా వినలేకపోయాను. చివరికి పాత సామాను దుకాణంలో దిక్కులేని డెక్కు ఒకటి దొరికితే దాని బెల్టు దీనికి వేశాను. ఇంకోటి, నీ టేపు లోపల నాడాను డెక్కు తలకి ఆనించే మెత్త ఊడిపోయింది. సీటు అంచుకి వేసే ఫెల్టు గోరంత కోసి అతికాను. ఇప్పుడు మీ అక్క బస్సు సీటు మీద కూర్చుని మాట్లాడుతోంది.

ఇక ఫోన్లు. నాకు మూడున్నాయి. ఒకటి వైరు వంకరగా పెడితేనే ఛార్జింగు ఎక్కుతుంది. రెండోది బ్యాటరీ ఉబ్బి బజ్జీలా అయి అలారానికి మాత్రం పనికొస్తోంది. మూడోది కొత్తది, దాంట్లోకే ఎక్కించాను. కాని బావా, అబ్బ, ఏం రొద! టేపు సొద ఒకటి, అక్క కుట్టుమిషను గడగడ ఒకటి. ముసురులో రేకు కింద నిలబడి మాట్లాడినట్టుంది. ఈ ఫోనులో రొద తీసేసే యాప్ ఉంది. ఒక్క మీట, రొద మాయం. గొంతు గాజుగ్లాసులో నీళ్ళలా తేటగా వచ్చింది. నేనే ఆశ్చర్యపోయాను. అక్క పాలు పొంగిన సంగతి చెప్పే దాకా విన్నాను. చివరిదాకా వినలేదు, మీ చెల్లెలు భోజనానికి పిలిచింది.

ఆ రికార్డింగు మేనకోడలి ఫోనుకి పంపాను. మిషను చెవికి తగిలించుకుని తీరుబడిగా విను. విన్నాక నన్ను మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాయి. ముప్పయ్యేళ్ళుగా నీ మెప్పు కోసం కాచుకుని ఉన్నాను.

— నీ ఏకైక బావమరిది


జూన్ 30

శ్రీ బావమరిది గారికి,

మీరు పంపినది విన్నాను. ఒకసారి కాదు, ఐదుసార్లు.

మొదటంతా మీ అక్కే. పాలు పొంగడం, పక్కింటావిడ మేడమెట్ల మీద జారడం, అన్నీ ఆమె మాటలే. చివరికొచ్చేసరికి గొంతు మారింది. "నేను బాగున్నాను" అన్నది మీ అక్క కాదు. మీరు. ఇన్నేళ్ళూ ఆ మాటను రొదలో విన్నాను గాని, దాని ప్రతి విరుపూ నాకు తెలుసు. ఇప్పుడు తేటగా వింటే మగ గొంతు పైకి లాగి పట్టుకున్న జీర స్పష్టంగా తెలుస్తోంది. నవ్వు కూడా మీదే. ఆ నవ్వు చివర ముక్కుతో గాలి లాగడం మీ అక్కకు లేదు, మీకుంది.

టేపు చివర తెగిపోయిందా, లేక మీ డెక్కు నమిలేసిందా? నిజం రాస్తే ఊరుకునేవాణ్ణి. నాశనం చేసింది చాలక, దాని స్థానంలో మీ గొంతు పెట్టి నా చెవిలోకి పంపారు. నాకు చెవులు పోతున్నాయి గాని బుద్ధి పోలేదు.

నేను వినాలన్నది ఆ ఒక్క ముక్కే. ఎందుకో కూడా మీకు రాశాను. తెలిసీ ఆ ముక్కతోనే ఆడుకున్నారు.

నా టేపు నాకు తిప్పి పంపండి.

— మీ అక్క భర్త


జూలై 8

బావా,

నన్ను "గారు" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ గారు అనలేదు, బ్యాంకు వాళ్ళు తప్ప. వాళ్ళూ కోపం వచ్చినప్పుడే.

అవును. చివర ఉన్నది నా గొంతే. పట్టేశావు. టేపు చివర పాడైంది, నీకు చెప్పే ధైర్యం లేక నేనే మాట్లాడి అతికాను. రెగ్జిను చినిగితే అదే రంగు ముక్క వేసి కుట్టినట్టు కుట్టాను. కుట్టు తెలిసిపోయింది. నా చేతికి ఇది కొత్త కాదు, డిపోలో సగం సీట్లు అలాంటివే.

తిట్టు. మీ అమ్మాయి చేత కూడా తిట్టించు. నీ ముందుకొచ్చి మాట పడమన్నా పడతాను. కాని ఆ టేపు గురించి ఇంక నన్ను అడక్కు. ఆ నవ్వు నువ్వు గుర్తుపెట్టుకున్నట్టే ఉంచుకో, అది నీ దగ్గర భద్రంగా ఉంది. టేపు మాత్రం కొన్నాళ్ళు నా దగ్గరుండనీ.

రెండుసార్లు రాసి చింపాను, ఇది మూడోది. మీ చెల్లెలు చూసి, "ఏంటి, నీకు రాయడం కూడా పని అయిందా?" అంది.

— నీ బావమరిది, గారు కాదు


జూలై 20

బావమరిది గారికి,

టేపు ఎందుకు ఇవ్వరో ఇప్పుడు అర్థమైంది. చూపించడానికి అందులో ఏమీ మిగల్లేదు.

నిన్న అమ్మాయి గది గుమ్మంలో నిలబడి నాతో ఏదో చెప్పింది. పెదవులు కదిలాయి. నేను తలూపాను. అది ప్రశ్న అట, తలూపేది కాదట. చెవిలో మిషను ఉండగానే జరిగింది. డాక్టరు చీటీలో రాసినన్ని నెలలు లేవని నాకే తెలుస్తోంది.

మీ అక్క ఒకసారి నా చేతుల్లోంచి పోయింది. ఆ పోవడంలో ఎవరి తప్పూ లేదు. రెండోసారి మాత్రం మీరు తీసుకుపోయారు. ఇక నాకు ఉత్తరాలు రాయొద్దు.


ఆగస్టు 5

బావా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి చింపు.

నీకు ఒక అబద్ధం రాశాను. చివర ఉన్నది నా గొంతే, కాని ఇప్పటిది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందటిది. టేపు నిక్షేపంగా ఉంది. నువ్వు ఇన్నేళ్ళూ విన్నదీ, మొన్న ఐదుసార్లు విన్నదీ ఒకటే. నేను చేసిందల్లా రొద తీసెయ్యడం. ఆ రొద మాటున నా గొంతు దాక్కుని ఉండేది. గొప్ప కోసం మీట నొక్కి నన్ను నేనే పట్టిచ్చుకున్నాను.

ఆ రోజు జరిగింది రాస్తాను. నాకు పదిహేడేళ్ళు. అక్క ఆసుపత్రి నుంచి వచ్చి వారం దాటింది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుంది. నేను రికార్డరు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. నెమ్మదిగా మిషను తొక్కుతూనే పాలు పొంగడం, పక్కింటావిడ జారడం అన్నీ గలగలా చెప్పింది. తర్వాత ఆగి, "ఆపు" అంది. ఆపాను.

"ఒరేయ్, నాలా మాట్లాడి వీధంతా నవ్విస్తావుగా. ఈ చివరి ముక్క నువ్వు చెప్పు."

"ఏం, నీకు నోరు లేదా?"

"మిషను మీద బట్ట ఉంది. సాయంత్రానికి ఇవ్వాలి. చెప్పు."

"ఏం చెప్పను?"

మూడు మాటలూ చెప్పింది, గోడ వైపు చూస్తూ. చెప్పి, "ఎప్పటికీ బావకు చెప్పకు. నా మీద ఒట్టు" అంది. అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను మీట నొక్కి ఆమె గొంతుతో అప్పజెప్పాను. మూడు మాటలే చెప్పమంది, బావా. నవ్వు చెప్పలేదు. నవ్వు నేను కలిపాను. నాకు పదిహేడేళ్ళు, అక్క గొంతు అంత బాగా వచ్చిందని నాకే ముచ్చటేసి నవ్వాను. నువ్వు ఇన్నేళ్ళు మోసిన ఆ నవ్వు నాది.

జూన్‌లో నీ ఉత్తరం చదివాను. ఆ నవ్వు నీకు అంత బరువని నాకు అప్పుడే తెలిసింది. చెబుదామంటే ఒట్టు. అక్క ఉంటే వెళ్ళి కాళ్ళు పట్టుకుని విడిపించుకునేవాణ్ణి. అందుకే టేపు చెడగొట్టిన వెధవనని ఒప్పుకున్నాను. నేను వెధవనైతే నువ్వు రెండు రోజులు తిడతావు, ఆ మాట మాత్రం అక్కదిగానే మిగులుతుంది అనుకున్నాను. నువ్వు "రెండోసారి తీసుకుపోయారు" అని రాశావు. ఆ ముక్క చదివాక ఒట్టు పట్టుకుని కూర్చోలేకపోయాను.

ఇంకో సంగతి, నాకూ ఇప్పుడే తెలిసింది. ఆ యాప్‌లో రెండో మీట ఒకటి ఉంది. తీసేసిన చప్పుడు ఏదో దాన్ని ఒక్కదాన్నే వినొచ్చు. ఆదివారం మధ్యాహ్నం పెద్ద స్పీకర్లలో పెట్టి విన్నాను. నా గొంతు పోయింది. టేపు సొద, మిషను చప్పుడు మిగిలాయి. ఆ మిషను కింద ఇంకేదో ఉంది. వంటింట్లోంచి మీ చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరే అది ఏడుస్తోంది?" అన్నాను.

"నన్నడుగుతావేంటి? మీ అక్క" అంది.

అప్పుడు అక్క నాకు వీపు పెట్టి కూర్చుంది, బావా. నాకు మిషను చప్పుడొక్కటే తెలుసు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే మిషను ఎక్కిన మనిషిని చూసి, ఈమెది రాతిగుండె అనుకున్నాను. ఎన్నేళ్ళు అనుకున్నానో! ఏడుపు వినబడకుండా ఉండడానికి తొక్కింది. రొద అని నేను మీట నొక్కి పారేసింది ఆ ఏడుపునే.

దీంతోపాటు ఒక పెట్టె వస్తుంది. నా రెండు స్పీకర్లలో ఒకటి నీకు విప్పి పంపుతున్నాను, యాంప్లిఫయరు లోపలే బిగించాను. మేనకోడలిని ఫోను కలపమను. రొద ఏమీ తీసెయ్యని రికార్డింగు ఒకటి, తీసేసిన చప్పుడు ఒకటి, రెండూ ఆమెకు పంపాను. నీ చెవి ఉన్నన్నాళ్ళు చెవితో విను. అది పోయినా పెట్టె ముందు గుండ్రం మీద అరచెయ్యి ఆనించి చూడు. చిన్న చప్పుళ్ళు చేతికి అందవు, మిషను చప్పుడు అందుతుంది. నేను చెవుల్లో దూది కుక్కుకుని చూశాను.

టేపు కూడా పెట్టెలోనే ఉంది. ఫెల్టు మెత్త పీకకు.

— బావమరిది


సెప్టెంబరు 14

ఒరేయ్,

పెట్టె చేరి నెలయింది. ఆకుపచ్చ రెగ్జిను చూసి అమ్మాయి ఇంట్లోకి బస్సు వచ్చింది అంటోంది. దాన్ని కిటికీ పక్కన పెట్టించాను.

జవాబు ఆలస్యమైంది. మొదట నీ మీద కోపం తీరడానికి నాలుగు రోజులు పట్టింది. నవ్వుకి రెండు, వెధవనని ఒప్పుకున్నందుకు రెండు. తర్వాత చెవితో వినడానికి తొందరపడ్డాను, రోజుకు మూడుసార్లు. మీ అక్క ఏడుపు పదకొండు రోజులు విన్నాను. పన్నెండో రోజు పొద్దున్న మిషను తగిలించుకుంటే ఏమీ లేదు. బ్యాటరీ అనుకుని మార్చాను. బ్యాటరీ కాదు.

బాధపడకు. ఇల్లు సద్దుమణిగింది, అంతే. కుక్కర్ కూత మీద అమ్మాయితో దెబ్బలాట కూడా తప్పింది. ఆ కూత ఇప్పుడు ఆమె ఒక్కదానికే వినబడుతుంది.

రోజూ మధ్యాహ్నం అమ్మాయి రొద తీసెయ్యని ఆ రికార్డింగు పెట్టి బల్ల మీద వేలితో కొట్టి చూపిస్తుంది, మొదలైందని. గుండ్రం మీద అరచెయ్యి పెడతాను. నువ్వు రాసింది నిజమే. నీ గొంతు చేతికి అందదు, మంచిదే అయింది. మిషను అందుతుంది. ప్రెస్సులో అచ్చు యంత్రం నడుస్తోందా ఆగిందా అని చేత్తో చూసే పని ఇరవై ఎనిమిదేళ్ళు చేసినవాణ్ణి, నాకు ఇది కష్టం కాదు. పాలు పొంగిన చోట నెమ్మదిగా తొక్కుతుంది. "నేను బాగున్నాను" దగ్గర ఒక్కసారిగా జోరందుకుంటుంది, సూది విరుగుతుందేమో అన్నంత. ఆ జోరు "రాకండి" దాకా ఉంటుంది.

ఆ తర్వాత నువ్వు నవ్విన చోట మిషను ఆగిపోతుంది.

నేను ఇన్నేళ్ళూ నవ్వు విన్నాను గాని, ఆమె కాలు ఆగడం వినలేదు. అక్కడ అరచెయ్యి కింద ఏమీ ఉండదు. నేను లెక్కపెట్టాను, నాలుగు అంకెలు. అంతవరకే, టేపు అయిపోతుంది. మళ్ళీ మొదటినుంచి పెట్టమంటాను.

వీలు చూసుకుని రా. డబ్బాలేవీ మోసుకురాకు, చెల్లెమ్మను తీసుకురా. పెట్టె ముందు ఒకటే కుర్చీ ఉంది, ఇంకోటి వేయిస్తాను. అక్కడికి వచ్చినప్పుడు నీ చెయ్యి కూడా పెట్టి చూద్దువుగాని.

— బావ